సూరన్న చదవకుండా సంతకం పెట్టిన కాగితం

పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే చాలు, కంచరపాలెంలో మా కిటికీ చువ్వల మీద బొగ్గుపొడి పేరుకుంటుంది. ఈ ఉదయం తుడుస్తుంటే వేళ్లకంటిన నలుపు చూసి సూరన్న గారు గుర్తొచ్చారు. ఆయన చొక్కా కాలరు ఎప్పుడూ ఆ రంగులోనే ఉండేది, ఎమ్మెల్యే అయ్యేదాకా. కళాసీగా ఓడల దగ్గర బస్తాలు మోసి, యూనియన్ కార్యదర్శయి, కార్పొరేటరయి, ఒక్కసారి అసెంబ్లీకి వెళ్లి, తరవాత ఎవరికీ కాకుండా పోయిన మనిషి. నేను ఆ యూనియన్ ఆఫీసులో టైపిస్టుని. ఉద్యోగం ఇచ్చిందీ, ఎవరి ముందూ తల దించకూడదని నేర్పిందీ ఆయనే.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు, పొద్దున్న షిఫ్టు వేళకి గేటు దగ్గర స్టూలెక్కి, నేను టైపు చేసిన కాగితం లైను లైనుగా చదివేవారు. ఒక్కడు అడ్డం చెప్పినా అక్కడే ఆగిపోయేవారు. "ఎండలో ఇంతసేపు ఎందుకండీ?" అని ఒకసారి విసుక్కున్నాను. "నానొక్కడ్నే సంతకం ఎడితే సరిపోదమ్మా. తినేవోడు గదా రుసి సెప్పాల," అన్నారు.

ఎమ్మెల్యే అయ్యాక కూడా యూనియన్ తరఫున సంతకం ఆయనదే, తీరిక మాత్రం కరువైంది. జీతాల ఒప్పందం వచ్చిన ఏడాది, హైదరాబాదు రైలు అందుకోవాలన్న తొందరలో, కారులోనే మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేయబోయారు. పర్మినెంటు వాళ్లకి జీతం పెరిగింది. కాంట్రాక్టు కూలీల కొనసాగింపు మాత్రం 'పరిశీలించబడుతుంది' అని ఉంది. ఆ మాటకి అర్థం వాళ్లని తీసేస్తారనేనని టైపు చేస్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది. "ఏటమ్మా, అంతా బాగానే ఉందా?" అని కారులోంచి అడిగారు. "బాగానే ఉందండి," అన్నాను. ఎమ్మెల్యేకి టైపిస్టు వంక పెట్టడమేమిటని నోరు కుట్టేసుకున్నాను. ఎంత పిరికిదాన్ని! ఆయన చదవకుండానే సంతకం పెట్టి వెళ్లిపోయారు. మూడు నెలలు తిరక్కుండా కాంట్రాక్టు వాళ్లందరినీ తీసేశారు. రేవులో బొగ్గు ఊడ్చే అప్పలమ్మ మా ఆఫీసు మెట్ల మీద కూలబడి, "మా పేరు కాయితంలో నేదా బాబూ?" అని ఆయన్నే అడిగింది.

తరవాతి ఎన్నికల్లో డిపాజిట్టు కూడా దక్కలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన గేటు దగ్గర మళ్లీ స్టూలెక్కి, అదే ఒప్పందం మొదటి నుంచీ చదివారు. ఆ లైను దగ్గర ఆగి, "ఇది నాను సదవకుండా ఎట్టిన సంతకం. తప్పు నాది," అన్నారు. ఒక్క సైకిలూ ఆగలేదు. స్టూలు కదలకుండా పట్టుకుని నేనొక్కదాన్నే విన్నాను.

ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో బత్తాయి ఒలిచి పెడుతుంటే, "అమ్మా, టైపు సేసినప్పుడు ఆ లైను నువ్వు సూసినావా?" అని అడిగారు.

"లేదండి," అన్నాను.

"అదీ! సూసుంటే నువ్వు సెప్పకుండా ఉంటావేటి," అని నిమ్మళంగా కళ్లు మూసుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

ఇప్పటికీ ఎవరైనా సూరన్న అమ్ముడుపోయాడంటే ఊరుకోను, గొడవకి దిగుతాను. చదవలేదంతే, అమ్ముడుపోలేదని అరుస్తాను. చదివింది నేనేనని మాత్రం ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.