సీలు వేసిన గొట్టంలో వెండి గిన్నె

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. హాస్టల్లో పిల్లలు దుప్పట్లు కప్పుకుని ఆ కథలు చెప్పుకుంటుంటే, లేచి లైటు వేసి వాళ్ళ సరదా పాడుచేసిన మనిషిని నేను. ఇప్పటికీ ఎవరైనా "నిజంగా జరిగిందండీ" అని మొదలుపెడితే, "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడుగుతాను. అలాంటి నేను ఇది రాస్తున్నందుకు కాస్త సిగ్గుగానే ఉంది. కానీ దీన్ని నేను చూశాను.

విశాఖపట్నంలో సముద్రం మీద పరిశోధన చేస్తాను. సముద్రం పైభాగంలో బతికే సూక్ష్మజీవులు చచ్చిపోయి, వాటి ముక్కలూ వ్యర్థాలూ ఒకదానికొకటి అంటుకుని, నలుసులుగా కిందికి దిగుతుంటాయి. గాలిలోంచి నీళ్ళలో కలిసిన కార్బన్‌లో కొంత ఆ నలుసులతోపాటు అడుగుకు చేరుతుంది. ఎంత దిగింది, ఎంత దారిలోనే కరిగిపోయింది అని తేల్చడం నా పని. అందుకోసం నీళ్ళలో గొట్టాలు నిలబెట్టి, పైనుంచి రాలేవాటిని పడతాం.

పరిశోధన ఓడ ఎక్కే ముందు, కొత్తగా చేయించిన ఆరు గొట్టాల్ని ఇంటి దగ్గరి నీళ్ళలో పరీక్షిద్దామనుకున్నాను. మాది గుండుగొలను దగ్గర ఒక ఊరు. మాకు నీళ్ళంటే కొల్లేరే.

అయితే కొల్లేటి పేరెత్తితే మా ఇంట్లో మాటలు ఆగిపోతాయి. ఆ సంగతి ముందు చెప్పాలి.

నాన్నగారు బడిపంతులు, మా చర్చిలో సంఘ పెద్ద. నెలకో ఆదివారం, ప్రభు బల్ల ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే సామాను సంచిలో పెట్టుకుని, పడవ నడిపే పోతురాజు గారి దోనెలో కొల్లేటి మధ్య ఒక లంక గ్రామానికి వెళ్ళేవారు. ఆ సామానులో ఒక వెండి గిన్నె ఉండేది. ఎప్పుడో మిషనరీ దొరసానులు మా చర్చికి ఇచ్చింది. పంతొమ్మిదేళ్ళ క్రితం ఒక ఆదివారం గాలికి దోనె ఒరిగి సంచి నీళ్ళలో పడింది. సంచి దొరికింది కానీ గిన్నె జారిపోయింది. ఇద్దరూ పొద్దు వాలేదాకా గడతో బురద కెలికారట.

అదే నెలలో నాకు విశాఖపట్నంలో కాలేజీ సీటు వచ్చింది. ఊళ్ళో వాళ్ళు రెండూ కలిపేశారు. పంతులుగారు గిన్నె అమ్మి కూతుర్ని చదివిస్తున్నాడన్నారు. నా చదువుకి "గిన్నె చదువు" అని పేరు పెట్టారు. నేను సెలవులకి వస్తే ఆ మాట నా వెనక వినిపించేది. మొహం మీద ఎవరూ అడగలేదు. అడిగినా బాగుండేది.

నాన్నగారు చర్చిలో లేచి నిలబడి, "జారి నీళ్ళలో పడిపోయిందండీ" అని ఒక్కసారి చెప్పారు. రెండోసారి చెప్పలేదు. మరుసటి వారం నుంచి లోపలికి వెళ్ళలేదు. అమ్మను స్కూటరు మీద చర్చి గేటు దాకా దింపి, ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చునేవారు. ఆఖరి పాట అయ్యాక ఆమెను ఎక్కించుకుని ఇంటికి వచ్చేవారు. పంతొమ్మిదేళ్ళు ఇదే వరస. ఆ టీ కొట్టు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

సరే, గొట్టాల సంగతి. ఏలూరులో తాడు కొన్నాను. మాకు తెలిసిన దోనె పోతురాజు గారిదే కాబట్టి ఆయన్నే అడిగాను. నీళ్ళు నెమ్మదిగా ఉండే చోటు నేనే చూసుకున్నాను. నాన్నగారి పాత దారికి అది చాలా దూరం, గంటసేపు గడ వేయాలి.

గొట్టాలు అద్దంలా లోపలిది కనబడేవి. చేపలు దూరకుండా ఒక్కోదాని మూతికి సన్న వల బిగించాను. చిక్కుడు గింజ కూడా పట్టని కన్నాలు. ఎవరూ విప్పకుండా ప్లాస్టిక్ సీళ్ళు వేసి, వాటి నంబర్లు నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పదిహేను రోజులూ నేను విశాఖపట్నంలో ఉన్నాను. నాన్నగారికి కంటి ఆపరేషను అయితే, ఆయనా అమ్మా తాడేపల్లిగూడెంలో మా పిన్ని ఇంట్లో ఉన్నారు.

పదహారో రోజు ఉదయం ఎనిమిదింటికి గొట్టాలు తీయడం మొదలుపెట్టాం. ఐదింటి అడుగున బూడిదరంగు నలుసు, వేలెడు మందాన. నేను అనుకున్నట్టే ఉంది.

ఆరోదానిలో నలుసు మధ్యలో నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. తాబేలు పిల్ల అనుకున్నాను. అంతలోనే వల గుర్తొచ్చింది.

పోతురాజు గారు గొట్టం కదలకుండా పట్టుకుంటే నాలుగు వైపులా ఫోటోలు తీశాను. వల ఎక్కడా తెగలేదు. సీలు నంబరు నోటుబుక్కుతో రెండుసార్లు సరిచూశాను. ఆ వస్తువు కింద నలుసు ఉంది, పైనా ఉంది. అంటే అది మొదటి రోజు నుంచీ లేదు, మధ్యలో ఎప్పుడో వచ్చి పడింది.

పోతురాజు గారు గొట్టం ఎండకి తిప్పి చూశారు. తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్మాయి గారూ, ఇది మాస్టారి గిన్నేనండీ."

నా మొదటి అనుమానం ఆయన మీదకే పోయింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ సీలు కోయకుండా వల విప్పే దారి లేదు. కన్నంలోకి పెన్సిలు వెనకభాగం నెట్టి చూశాను, దూరలేదు. అప్పుడు నేనే సీలు కోశాను. గిన్నె పొయ్యి మీది మూకుడులా నల్లబడి ఉంది. ఇంట్లో దాచిన వెండి అలా మాడిపోదు, ఏళ్ళ తరబడి బురదలో ఉంటేనే అలా అవుతుంది. తుడిస్తే పాదం మీద మా చర్చి పేరు కనబడింది. భయం వేయలేదు. దోనెలో కూర్చుని ఏడ్చేశాను. గుండె మీది బండ దించినట్టయింది.

ఆ బట్టలతోనే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అమ్మ అంచు తడిమి, "ఈ సొట్ట నేను పెట్టిందే, కొత్తకోడలిగా కడుగుతూ పడేశాను" అంది. వెంటనే పళ్ళపొడి తెచ్చి తోమబోయింది. "సాక్ష్యం తోమేస్తావేంటమ్మా!" అని చేతిలోంచి లాక్కున్నాను. నాన్నగారు నల్లకళ్ళద్దాలతో మంచం మీద కూర్చుని, ఆ సొట్ట మీద బొటనవేలు చాలాసేపు ఉంచారు.

ఆదివారం గిన్నెను నల్లగానే చర్చికి పట్టుకెళ్ళాం. ఫోటోలు చూపించి, వల, సీలు, నలుసు అన్నీ చెప్పాను. ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయలేదు. నాకు సంతోషంతోపాటు ఒళ్ళు మండింది కూడా. మంచి మనిషి చెప్పిన మామూలు మాట పంతొమ్మిదేళ్ళు నమ్మని వాళ్ళు, సన్న వలలోంచి గిన్నె దూరిందంటే ఐదు నిమిషాల్లో నమ్మేశారు. పాస్టరు గారు గేటు దాకా వచ్చి నాన్నగారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ఆయన తన పాత చోట కూర్చున్నారు. బయట టీ కొట్టు బల్ల ఆ పూట ఖాళీగా ఉంది.

నాతో పనిచేసేవాళ్ళకి చెబితే ఒకాయన, వల కట్టడం మరిచిపోయి ఉంటావన్నాడు. ఫోటో చూపించాను. ఆ గొట్టంలోని నలుసు లెక్కలోకి తీసుకోలేదు. నోటుబుక్కులో దాని వరసలో, కారణం రాయాల్సిన చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ ఆదివారం ఇంటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అదెలా లోపలికి వెళ్ళిందంటారు, నాన్నగారూ?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"అది నువ్వు చూసుకో అమ్మా. నీళ్ళలో పడిందని నేను చెప్పాను. పడింది కదా."