కాంగో మీద మా చెల్లెలి చేతులు

పై వాటా గుమాస్తా మధ్యాహ్నం పూట మెట్లు దిగివచ్చి మా చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"మూడు రోజులుగా ఒకటే దరువు! మనుషులుండే కొంపేనా ఇది?"

మా చెల్లెలు తలుపు బార్లా తీసి, రెండు చేతులూ అతని ముక్కు ముందుకు చాపింది. వేళ్ల చివరిదాకా గుడ్డ కట్లు. లాండ్రీలో సోడా నీళ్లకు అరచేతులు పగిలి, మూడు రోజులుగా ముద్ద కూడా నేనే నోట్లో పెడుతున్నాను.

"ఏ చేత్తో కొట్టానో చూపించి వెళ్లండి బాబూ!"

గుమాస్తా వచ్చిన మెట్లే ఎక్కి వెళ్లిపోయాడు. నేను కడుపుబ్బ నవ్వాను. ఆ దరువు నేనూ విన్నానని మాత్రం చెప్పలేదు.

కాంగో అంటే నడుమెత్తు పీపాలాంటి వాయిద్యం, పైన తోలు. కర్రలుండవు, అంతా చేతులతోనే. ముందు అరచేతి అడుగు, తర్వాత వేళ్లు, మళ్లీ అడుగు, మళ్లీ వేళ్లు, ఆపైన చెంపదెబ్బలాంటి చరుపు. పని నుంచి రాగానే మా చెల్లెలికి గంటసేపు ఇదే సాధన, పదకొండేళ్లుగా. నాలుగో చుట్టులో మా చెల్లెలి ఎడమచేతి చరుపు వెంట్రుకవాసి ఆలస్యమవుతుంది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ నా చెవులకు వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ మూడు రోజులూ కాంగో ఉన్న గదిలోంచి, లోపల ఎవరూ లేకుండానే వచ్చిన దరువులోనూ అదే చరుపు, అదే ఆలస్యం.

కట్లు విప్పాక ఆ ఆలస్యం గదిలోని దరువులో మాయమైంది. మా చెల్లెలి చేతిలో పెరిగింది. అది లాండ్రీలో ఉన్నప్పుడు కాంగో మోగేది. ఇంటికొచ్చి కూర్చుంటే దాని వేళ్లు తోలు మీద తడిగుడ్డల్లా పడేవి. ఒకసారి మోగుతుండగానే తలుపు తోశాను. ఎవరూ లేరు. తోలు మాత్రం అరచేయంత మేర లోపలికి దిగి, మెల్లగా పైకి లేచింది.

శుక్రవారం పొద్దున పదింటికి ఆర్కెస్ట్రాలో చోటుకి పరీక్ష. హాల్లో వాళ్ల కాంగోలే వాయించాలి. యాభై దాటిన మనిషికి ఆ సోడా నీళ్ల నుంచి బయటపడే దారి ఇదొక్కటే.

"గొడ్డలి తెస్తాను, పొయ్యిలోకైనా పనికొస్తుంది," అన్నాను.

"వద్దక్కా! నా చెయ్యి అందులోనే ఉండిపోతే?"

గొడ్డలి మాట వెనక్కి తీసుకున్నాను. నా జన్మలో అలా ఎన్నిసార్లు జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

గురువారం సాయంత్రం కాంగో ముందు స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టింది. నా రెండు అరచేతులూ తోలుకి ఆనించింది.

"రేపు పది నుంచి పదకొండు దాకా దీన్ని ఇలాగే అదిమిపట్టు. ఇది మోగకపోతే నా చేతులు నాతో ఉంటాయి. కింది నుంచి చరిచినా తియ్యకు. నా గొంతుతో పిలిచినా తియ్యకక్కా."