ఆఖరి మడత రాసినవాడిది

ఎండు నెత్తళ్ళ వాసన చిన్నప్పుడు నాకు ఉత్తరాల వాసన. ఈరోజు పొద్దున ఆ వాసననే సాకుగా తీసుకుని ఒక పిల్లను చూసి క్లాసంతా నవ్వేలా చేశాను.

మద్రాసు పెరంబూరులో ఇంకా మిగిలిన కొద్దిపాటి తెలుగు క్లాసుల్లో ఒకదానికి నేను పంతులుని. ఎనిమిదో తరగతిలో సువార్త అనే అమ్మాయి ఉంది. వాళ్ళమ్మ మార్కెట్లో ఎండు చేపలు అమ్ముతుంది. బోర్డు మీదిది దించుకోమంటే సువార్త చక్కగా దించుకుంటుంది. సొంతంగా రాయమంటే మాత్రం పెన్ను మూత తీస్తూ పెడుతూ గంట గడిపేస్తుంది. బడి తెరిచినప్పటి నుంచి ఒక్క వ్యాసమూ రాయని పిల్ల, 'మా అమ్మ' గురించి రాయమంటే ఇవాళ మొదటిసారి నాలుగు వరుసలు రాసి తెచ్చింది. నేను చదవలేదు. నోటుబుక్కును రెండు వేళ్ళతో ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమ్మా, వ్యాసం రాయమంటే కరువాడు పొట్లం కట్టుకొచ్చినావా?" అన్నాను. కరువాడంటే ఇక్కడ ఎండు చేప. పిల్లలు నవ్వారు, వెనక బెంచీవాళ్ళు ముక్కులు కూడా మూసుకున్నారు. సువార్త ఏడవలేదు. గంట కొట్టాక పుస్తకాన్ని నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

స్టాఫ్ రూములో తెరిచి చూశాను. "మా అమ్మ ఎంత సబ్బు పెట్టినా చేతులు వాసనొస్తాయి. బస్సులో పక్కనున్నోళ్ళు జరిగి కూర్చుంటారు. నాకు ఆ వాసనొస్తేనే నిద్రొస్తుంది. చెల్లికి కూడా." అంతే రాసింది. ముప్ఫై ఏళ్ళుగా వ్యాసాలు దిద్దుతున్నవాణ్ణి, అలాంటి నాలుగు వరుసలు ఎన్నిసార్లు చూశానని?

అలా నవ్వించినవాడిది ఏ ఇల్లో చెప్పుకోవాలి. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వర్క్‌షాపు గోడ పక్కన వరసగా ఉన్న పెంకుటిళ్ళలో మాదొకటి. సైరన్ కూతతో లేచి, సైరన్ కూతతో అన్నం తినే ఇళ్ళు అవి. ఎండాకాలమంతా వెనక వీధి మేడలెక్కి కాత్తాడి ఎగరేసేవాళ్ళం. గాలిపటాన్ని మా లైనులో అలాగే అనేవాళ్ళం. దీపావళికి ముందే వానలు దిగేవి, ఇక్కడ అతిరసాలనే అరిసెల పాకం వాసన, తడిసిన గోనెపట్టాల వాసన, నాన్న చొక్కాకున్న గ్రీజు వాసన ఒకే గదిలో కలిసి ముసురు వదిలేదాకా అలాగే ఉండేవి. నాకు రాయడమంటే చేదు. వ్యాసం రాయలేదని వారానికి రెండుసార్లయినా అరచేతుల మీద బెత్తం పడేది.

పక్కింటి కోటమ్మవ్వకు చదువు రాదు. ఆమె అక్క కావలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో ఉండేది. తన కొడుక్కి తీరిక దొరకదని అవ్వ ఒకనాడు నన్ను పట్టుకుని, అతిరసం ఒకటి చేతిలో పెట్టి, నీలం రంగు ఇన్లాండు కవరు ముందు పరిచింది. నేను 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము' అని రాసి అయిపోయిందన్నాను. చదవమంది. కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది.

"ఇది ఊరందరి జాబురా. మా అక్కకి రాయి."

"ఏం రాయాల అవ్వా?"

"వాన నీళ్ళు ఈడ గడప దాటినయ్యా లేదా? పిల్లి బియ్యం డబ్బా ఎనక ఈనిందా లేదా? నీకు కండ్లు లేవా?"

అవన్నీ రాశాను. రాసిందల్లా చదివించుకుంది. పిల్లి దగ్గరికి రాగానే అక్క ఎదురుగా కూర్చున్నట్టు నవ్వింది. కవరు మూసే ఆఖరి మడత మీద కాస్త చోటు మిగిలితే, అది నీదేనంది. "రాసినోడి కూలిరా అది. నీ మాట ఒకటి రాసుకో." జాబు ఎవరిదైనా ఆఖరి మడత రాసినవాడిదని వాళ్ళ పల్లె వాడుకట. ఏం రాయాలో తెలియక, ఎండాకాలంలో నా కాత్తాడి తెగి వర్క్‌షాపు గోడ అవతల పడిందని రాశాను.

మూడు వారాలకు, ఊరి నుంచి రైల్లో వచ్చినవాళ్ళెవరో ఎండు నెత్తళ్ళ మూటలో జవాబు పెట్టి తెచ్చారు. అవ్వ దాన్ని విప్పకముందే ముక్కుకు ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. తరువాతే నా చేతికిచ్చింది. చివరి మడత మీద నాకోసం ఒక మాట ఉంది: 'రాసిన పిల్లోడా, నీ గాలిపటం దొరికిందా?' నేనెన్నడూ చూడని మనిషి నా గాలిపటం గురించి అడిగింది. మళ్ళీ ఎప్పుడు జాబు రాద్దామని అవ్వ వెంట నేనే పడ్డాను. నేను తెలుగు పంతులునైంది బెత్తం వల్ల కాదు.

పదో తరగతిలోకి వచ్చాక స్నేహితుల ముందు ఆమె పిలిస్తే నామోషీగా ఉండేది. రేపు రాస్తాలే అవ్వా అని తప్పించుకు తిరిగాను. ఆ రేపు రాకముందే అవ్వ పోయింది.

ఆ లైను ఇళ్ళు ఇప్పుడు లేవు. అక్కడి వాళ్ళ మనవలు అరవంలోనే మాట్లాడుకుంటారు. ఇన్లాండు కవరు చూపిస్తే నా క్లాసు పిల్లలు ఇదేంటి సార్ అంటారు. అవ్వ ఉత్తరాన్ని ముక్కుకు ఆనించుకున్నట్టే నేనూ ఈ ఉదయం ఒక పుస్తకాన్ని ఆనించుకున్నాను. చెయ్యి కదిలిన తీరు ఒకటే.

సాయంత్రం ఆఖరి పీరియడ్ మళ్ళీ అదే క్లాసు. నిలబడి, పొద్దున నేను చదవకుండానే ఎగతాళి చేశాననీ, తప్పు నాదేననీ చెప్పాను. సువార్త రాసింది చదివి వినిపించనా అని అడిగితే, "వద్దు సార్" అంది తలెత్తకుండా. చదవలేదు. దానికి బదులు కోటమ్మవ్వ సంగతి చెప్పాను, గాలిపటం ప్రశ్న దాకా. ఈసారి ఎవరూ నవ్వలేదు. సువార్త నాలుగు వరుసల కింద ఎర్ర సిరా పెట్టలేదు. పేజీ అడుగున నీలం సిరాతో ఒక్కటే రాశాను: 'నువ్వూ చెల్లీ నిద్రపోయేలోపు అమ్మ ఏం మాట్లాడుతుంది?' పుస్తకాన్ని రెండు చేతులతో ఇచ్చాను. ఆమె తెరవకుండానే సంచిలో వేసుకుంది.

గంట కొట్టారు. అందరూ వెళ్ళాక సువార్త గుమ్మం దగ్గర ఆగి, నా వైపు కాకుండా తలుపు వైపు చూస్తూ అడిగింది.

"ఆ కాత్తాడి దొరికిందా సార్?"

"లేదమ్మా," అన్నాను.