చింతగింజల అక్షరం

మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మాట్లాడేది అందరమూ తెలుగే. కానీ మా ఆయన అంగడి రాతలన్నీ తమిళం, కొడుకూ అంతే. కోడలు ఫోన్లో పంపే తెలుగు మాటలు కూడా తమిళ అక్షరాల్లోనే వస్తాయి. నా మనవరాలైనా చదవాలని తిరుత్తణిలో మా బట్టల అంగడి మేడ మీద ఆదివారం బడి పెట్టాను. కొడుకు వాళ్ళుండే తిరువళ్ళూరు నుంచి మనవరాలిని కోడలు తీసుకొచ్చేది. వీధి పిల్లలూ వచ్చేవాళ్ళు. ఆ పిల్లకు అబ్బకపోతే మా ఇంటి తెలుగు చదువు నాతో సరి.

ఊరికే పలక ఇచ్చి కూర్చోమంటే ఈ కాలం పిల్లలు కూర్చుంటారా? చీరల పెట్టెల అట్టలు కత్తిరించి, పెద్దగా ‘అ’ గీసి ఇచ్చేదాన్ని. మైదా ఉడికించిన బంక పూసి, గీత వెంబడి చింతగింజలు అంటించాలి. ఆరాక కళ్ళు మూసుకుని వేలితో తడమాలి. మనవరాలు బంకంతా జుట్టుకు పూసుకునేది. కోడలు మూతి ముడుచుకునేది. నేను పట్టించుకుంటే కదా!

నాకు సాయానికి ఒకామె వచ్చేది. ఆమెదీ తిరువళ్ళూరే, మా కొడుకు ఇంటి పక్క వీధి. సొంత చెల్లెలిలా చూసుకున్నాను. బంక ఎంత చిక్కగా ఉండాలో, గింజలు ఎట్లా కడిగి ఎండబెట్టాలో అన్నీ చూపించాను.

“అక్కా, మా ఊర్లో కూడా తెలుగు బడి పెడతా, అట్టలు ఇస్తావా?” అని అడిగింది ఒక రోజు.

సంతోషంతో నాకు కాలు ఒకచోట నిలవలేదు. అంగడిలో ఉన్న అట్టలన్నీ కట్టలు కట్టి, నేనే స్టేషన్ దాకా మోసుకుపోయి రైలెక్కించాను. నాలాంటి పిచ్చిది ఇంకొకతి ఉంటుందా?

ఆ తర్వాత ఆమెకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి, రావడం మానేసింది. మనవరాలికేమో ప్రతి ఆదివారం కడుపునొప్పి. కోడలి మెసేజ్ చూసినప్పుడల్లా నాకు గుండె దడ. కొండ మెట్లెక్కి స్వామికి మొక్కుకున్నాను. చివరికి ఒక ఆదివారం బడి మూసేసి, విభూతి పొట్లం, వాము కషాయం సీసా పట్టుకుని తిరువళ్ళూరు వెళ్ళాను.

ఇంటికి తాళం వేసి ఉంది.

“పాపను క్లాసుకు పిల్చుకోని పోయినారు గదమ్మా, పక్క వీధిలోనే,” అంది పక్కింటామె.

వెళ్ళి చూద్దును కదా, నా బడికి సాయానికొచ్చిన ఆ చెల్లెలు వరండాలో మోకాళ్ళు మడిచి హాయిగా కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు. మా అంగడి అట్టలే, వాటి మీద చింతగింజలే. కానీ అంటించింది ఇంగ్లీషు ‘ఏ’. పిల్లల మధ్యలో తల వంచుకుని గింజలు అంటిస్తోంది నా మనవరాలు.

“తెలుగు బడి అంటివి గదమ్మే!” అన్నాను.

“తెలుగుకు ఎవరొస్తారక్కా?” అంది తలెత్తకుండా.

కోడలు లోపలి నుంచి వచ్చింది. “పాపను చేర్చే స్కూల్లో ఇంటర్వ్యూ ఉండాది అత్తా. ఆడ తెలుగు ఎవురు అడుగుతారు? నువ్వు బాధపడతావని చెప్పలేదు.”

“కడుపునొప్పి అంటే బాధపడనా? బిడ్డకు ఏమైందో అని కొండెక్కి మొక్కినానే!”

ఒళ్ళు మండిపోయింది. ఇంగ్లీషు నేర్పొద్దని నేనెప్పుడైనా అన్నానా? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ అక్షరమూ నేనే గీసి ఇచ్చేదాన్ని. ఇద్దరూ ఒకటై, నా అట్టలతోనే, నా వెనకాల ఇంత నాటకమా?

నా గొంతు విని మనవరాలు తలెత్తింది. నన్ను చూడగానే చేతిలో అట్ట వదిలేసి, బంక చేతులతోనే కడుపు పట్టుకుంది. వాళ్ళమ్మ ముఖం వైపు చూస్తూ, “నొప్పి అవ్వా,” అంది.

దానికి నొప్పి లేదు, నేను కనబడితే అట్లా అనాలని నేర్చుకుంది. అప్పటిదాకా అరుస్తున్నదాన్ని, అక్కడే వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను.