టీవీ బల్లగుడ్డ మీద పేరు

నా చిన్నప్పుడు ఖిలా వరంగల్‌లోని మా వాడలో జాకెట్లు కుట్టేది మా అమ్మ ఒక్కతే. నాకు పదేళ్లు వచ్చేసరికి పక్కింటి అక్క కూడా మిషను పెట్టింది. అమ్మ తన పాటికి తాను కుట్టుకుంటూ పోయింది. నేను మాత్రం ఆ గడప తొక్కిన ప్రతి మనిషినీ కనిపెట్టి చూసేదాన్ని.

అప్పట్లో వాడ మొత్తానికీ ఒక సారు ఇంట్లోనే టీవీ ఉండేది. క్రికెట్ పెద్ద మ్యాచ్ ఉన్న రోజు ఆయన దాన్ని వరండాలో బల్ల మీద పెట్టేవాడు. ఆ ఏడు ఫైనల్ నాడు వెళ్లి చూస్తే, బల్లకు కొత్త గుడ్డ వేలాడుతోంది. ఎర్రదారంతో నెమళ్లు, వాటి నడుమ పక్కింటి అక్క పేరు, కింద 'జాకెట్లు కుట్టబడును'. సారు భార్యకు ఊరికే కుట్టి ఇచ్చిందట. ఇక సాయంత్రం దాకా వాడ కళ్లన్నీ అటే ఉంటాయనుకున్నాను. అది అంత అందంగా ఉండకపోతే ఓర్చుకునేదాన్నేమో.

వెళ్లి బల్లకు వీపు ఆనించి, సరిగ్గా ఆ పేరుకు అడ్డంగా కూర్చున్నాను. ఓవర్ల మధ్య సబ్బుల ప్రకటన వస్తుండగా ఒక పెద్దమ్మ కంట్లో పడ్డాను.

"అందరు టీవీ దిక్కు సూస్తాంటే నువ్వు మా దిక్కు సూస్తానవేందే? ఏం దాస్తానవ్ పొల్లా? జర జరుగు!"

జరగనన్నాను. ఇద్దరు చెయ్యి పట్టి లాగేశారు. అప్పుడు ఆడవాళ్లంతా లేచొచ్చి, అక్క పేరు పైకి చదివారు. చదువు రానివాళ్లు చదివించుకున్నారు.

మర్నాడు అమ్మ నన్ను అక్క ఇంటికి తీసుకెళ్లింది. తిట్లు తప్పవనుకున్నాను. అక్క నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఆమె వేళ్ల కొసల నిండా సూదిపోట్లు.

"నెల పట్టింది చిన్నమ్మా. అచ్చిన జాకెట్లు గుడ వాపస్ పంపిన. మ్యాచ్ సూసెటోళ్లు బల్లగుడ్డ ఎందుకు సూస్తరని ఒకటే ఫికర్. మా చెల్లె పుణ్యాన అందరు సదివిన్రు" అంది అక్క, అమ్మతో.

బెల్లం పిడికిట్లోనే ఉంచుకున్నాను. అమ్మ మాత్రం, అక్క మిషను పక్కన సగం కుట్టిన నెమలిని వేలితో తడుముతూ చాలాసేపు నిలబడిపోయింది.

తిరిగి వస్తుంటే అంది: "నాకు గుడ కుళ్లే బిడ్డా. పేరుకు గాదు. గా నెమలి నాకు రాదు."

ఆ వారం నుంచి మధ్యాహ్నాలు, తనకంటే ఎంతో చిన్నదైన ఆ పిల్ల ముందు అమ్మ శిష్యురాలిలా కూర్చుని ఆ కుట్టు నేర్చుకుంది. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. చాలా రోజులు నేను అటు వెళ్లలేదు.

ఈర్ష్య నన్ను వదిలిందని చెప్పను. ఈ వయసులోనూ ఎవరైనా నాకంటే బాగా చేసింది కనబడితే లోపల మండుతుంది. మండినప్పుడల్లా వాళ్ల దగ్గరికి వెళ్లి, అదెలా చేశారని అడుగుతాను. అడగాలంటే ఇప్పటికీ సిగ్గే. అయినా అడుగుతాను.