పాత నంబర్లు ఆగిపోయిన వారం

పెద్ద మార్పు ఒకేసారి చేసెయ్యక ఫోనులో ఈ చిన్న చిన్న మార్పులెందుకు నానమ్మా అని నిన్న విసుక్కున్నావు చూడు బిడ్డా, అప్పుడు నాలో నేనే నవ్వుకున్నాను, ఎందుకంటే ఒకప్పుడు నా ఉద్యోగం నిలిచింది అలాంటి చిన్న మార్పుల చలవతోనే.

ఎనభైల నాటి మాట. కిషన్‌బాగ్ నుంచి బస్సులు మారి కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని. అక్కడ స్టోర్స్‌లోని సామాను లెక్క చూసే కంప్యూటర్ ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టబోతున్నారు, కొత్తదాంట్లో ప్రతి వస్తువుకూ నంబరు మారిపోతుంది. ఒక్కసారిగా మార్చేస్తే బోల్టు అడిగినవాడికి వైరు చేతికొస్తుందని మా ఆఫీసరుగారి భయం. అందుకని మధ్యలో ఇంకో ప్రోగ్రాము వేయించారు. అది పాత నంబరు కొట్టినా పనిచేసేది, కాకపోతే కింద ఆకుపచ్చ అక్షరాల్లో కొత్త నంబరు గుర్తుచేసేది. ఎవరూ పాత నంబరు కొట్టని వారమంటూ వస్తేనే పాతవి తీసెయ్యాలని ఆయన నియమం. అంతవరకూ ఎవరెక్కడ తడబడుతున్నారో చూసి చెప్పడానికే నన్ను టెంపరరీగా పెట్టుకున్నారు. మీ తాతయ్యకు పని లేదు, మీ నాన్న చంకలో పిల్లాడు. పర్మనెంటు పోస్టుకు ఇంటర్వ్యూ అయింది గానీ ఆర్డరు రాలేదు, ఈలోగా మార్పు పూర్తయితే నేను ఇంటికే.

అందరూ తొందరగానే అలవాటుపడ్డారు, స్టోర్స్‌లో ఏళ్లుగా పాతుకుపోయిన ఒక అక్క తప్ప. మధ్యాహ్నం తన డబ్బాలోని ఖట్టీ దాల్, అదే చింతపండు పులుపు పప్పు, సగం నాకే పెట్టే ఆ మనిషి రోజూ ఒక్కటైనా పాత నంబరు కొట్టేది.

“ఏందమ్మా, ఇంకా పాతదేనా?” అని ఆఫీసరుగారు తల పట్టుకుంటే, “ఏం జేయాలె సార్, బుర్రకెక్కింది గని వేళ్లకెక్కుతలేదు. జర ఓపిక పట్టుండ్రి,” అనేది. ఆయన అటు వెళ్లగానే నావైపు తిరిగి, “నువ్వేంది పిల్లా, గట్ల మొఖం మాడ్చుకున్నవ్? ఫికర్ జెయ్యకు, దాల్ తిను, సల్లగైతది,” అనేది.

పాపం ఆయన ఆమె కోసం అక్షరాలు పెద్దవి చేయించారు, ఆ తర్వాత కొత్త నంబరు పైకి తెప్పించారు, అలా మధ్య ప్రోగ్రాముకే మళ్లీ మళ్లీ చిన్న మార్పులు. అవి నడుస్తుండగానే నా ఆర్డరు వచ్చింది.

మర్నాటి నుంచి అక్క ఒక్క పాత నంబరు కూడా కొట్టలేదు. స్క్రీను వైపైనా చూడకుండా కొత్తవి టకటకా కొట్టేస్తుంటే పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. వారం గడిచింది, పాతవి తీసేశారు. అడుగుదామని నోరు తెరిస్తే గుడిమల్కాపూర్ నుంచి తెచ్చిన మల్లెమాల నా జడలో తురిమి మాట మార్చేసింది.

ఇప్పుడు ఫోను దానంతటదే మారిపోతోంది, ఎవరి వేళ్ల కోసమూ ఎవరూ ఆగడం లేదు. ఆ అక్క కూడా ఇప్పుడు లేదు. పప్పులో చింతపండు పిండినప్పుడల్లా ఆమెను అడగాలనిపిస్తుంది: అక్కా, ఆ కొత్త నంబర్లు నీకు ఎప్పటినుంచి వచ్చు?