కోతపండుగ వేలంలో నా చేపను నేనే పాడుకున్న సంగతి

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం రాయమని పాస్టరుగారు అడిగినప్పుడు, నాకే సగం అర్థం కాని సంగతి ఇంకొకరికి ఏం చెప్పనండీ అన్నాను, ఆ అర్థం కాని సగమే రాయండి అన్నారాయన, అందుకని రాస్తున్నాను. ఇందులో తికమక నాది, మహిమ మాత్రం దేవునిది.

నాది అమలాపురంలో స్టీలు సామాన్ల కొట్టు, తాతల నాటిది. నన్ను ఉయ్యాలలో కాదు, తక్కెడలో ఊపి పెంచారని మా చుట్టాలు ఎగతాళి చేస్తారు, అది పూర్తిగా అబద్ధమని నేను చెప్పలేను, ఎందుకంటే బేరమాడకుండా కొత్తిమీర కట్ట కూడా కొన్నవాణ్ణి కాదు. అటువంటి నాకు ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే పుక్కిట్లో నీళ్లు నిలవలేదు, అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకు జారిపోయి ఉంది. నరం వాచింది, తగ్గుతుంది, తొందరపడకండి అన్నారు డాక్టరుగారు. కానీ సహోదరులారా, నోటితో బతికేవాడికి ఆ నోరే పోతే ఏం మిగులుతుంది! గిన్నె ధర చెప్పబోతే మాట ముద్దగా వచ్చేది, వచ్చినవాళ్లు జాలిపడి ఎంతంటే అంత ఇచ్చేసి వెళ్లేవారు, ఆ జాలి లాభం నాకు మింగుడుపడక కొట్టు మా తమ్ముడికి అప్పగించి ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ప్రభువా అని పిలుద్దామన్నా పెదవులు కలవక ఆ మొదటి అక్షరమే పలికేది కాదు.

ఆ చీకటి రోజుల్లో మా బావమరిది ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి గోల్డ్‌ఫిష్‌ల జత తెచ్చి ఇచ్చాడు. వాటిలో ఒకటి ఒళ్లంతా తెలుపు, నెత్తిన మాత్రం ఎర్రటి టోపీ పెట్టినట్టు కండ. బావి తవ్వించినప్పుడు మిగిలిపోయిన సిమెంటు వర ఒకటి పెరట్లో ఉంటే, దానికి అడుగు కట్టించి నీళ్లు నింపి అందులో వదిలాను. అవి నోరు తెరుస్తాయి, మూస్తాయి, మాట మాత్రం రాదు. నా సంగతీ అదే కదా! స్టూలు వేసుకుని వాటికి ఎదురుగా నేనూ నోరు తెరిచి మూస్తూ ఉండేవాణ్ణి, అది డాక్టరుగారు చెప్పిన వ్యాయామమో, చేపలతో కబుర్లో, ప్రార్థనో ఇప్పటికీ తేల్చుకోలేను. మెల్లగా మూతి తిన్నబడింది. దేవునికే స్తోత్రము! మందు వల్లా, చేపల వల్లా, దేవుడి వల్లా అని మా తమ్ముడు నిలదీస్తే, మందునూ చేపలనూ పంపింది ఆయనే కదా అని తప్పించుకున్నాను.

తరువాత వేసవిలో, కాలవలోంచి తెచ్చి వేసిన గుర్రపుడెక్క వేళ్లకు సన్నటి గుడ్లు అంటుకుని కనబడ్డాయి. పెద్ద చేపలు తినెయ్యకుండా ఆ డెక్కను వేరే వరలోకి మార్చాను, పిల్లలయ్యాయి, మట్టిరంగు పిల్లలు ఒక్కొక్కటే ఎరుపెక్కుతుంటే సృష్టికర్త ఎంత తీరుబడిగా రంగులు వేస్తాడో అని చూస్తూ కూర్చునేవాణ్ణి, కొట్టు కూడా గుర్తొచ్చేది కాదు. అంతలో కాకినాడలో అక్వేరియం దుకాణం ఉన్న ఒకాయన వచ్చి చూసి ఒక ధర అన్నాడు. నేను రెట్టింపు అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోరు బాగుపడిందో లేదో చూసుకున్నానేమో! ఆయన ఒప్పుకున్నాడు, నా ప్రశాంతత ఆయన సంచిలోనే కాకినాడ వెళ్లిపోయింది.

అది మొదలు చేపను చూస్తే ధరే కనబడేది. తోక చక్కగా విచ్చుకుంటే మొదటి రకం, వంకరైతే రెండో రకం. మూతి వంకరైన రోజుల్లో నేను ఏ రకమో మాత్రం ఆలోచించలేదు. పెరడంతా వరలు దించాను, కొట్లో గిన్నెలో గిన్నె పేర్చినట్టు చేప మీద చేపను కుక్కాను. గిన్నెకు ఊపిరి అక్కర్లేదు, చేపకు కావాలి అన్న చిన్న సంగతి స్టీలు సామాను అమ్ముకునేవాడికి తట్టలేదు! రెక్కలు చివికిపోయి, నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరిచి, ఒక్కొక్కటే తేలిపోతుంటే ఉప్పు వేశాను, మందులు పోశాను, చివరికి మోకరించాను, మోకాళ్ల మీద కూడా బేరమే ఆడాను.

"ప్రభువా, అన్నీ అడగడం లేదు. మొదట వచ్చిన ఆ తెల్లచేపను బతికించు. బతికిస్తే కోతపండుగకి దాన్నే నీ సన్నిధికి తెస్తాను. ఇద్దరికీ నష్టం లేదు."

మర్నాడు సరుకు కోసం పొరుగూరు వెళ్లి వచ్చేసరికి వరలన్నీ పలచబడి ఉన్నాయి. మా ఇంటావిడ సుగుణ, బాగున్న చేపల్ని వీధిలో అడిగినవాళ్లకల్లా పంచేసింది!

"గాలాడక కొట్టుకుంటన్నాయండీ, చూళ్లేకపోయేను," అంది.

మిగిలినవి కోలుకున్నాయి, తెల్లచేపతో సహా. ఇది నా ప్రార్థనకు జవాబా, నీ చేతి చలవా అని ఆవిణ్ణే అడిగాను.

"ఆ రెండూ వేరువేరని మీకెవరు చెప్పేరండీ?" అని గిన్నెలు తోముకుంటూ అంది.

కోతపండుగ వచ్చింది. మన సంఘంలో ఆ రోజు కొబ్బరిగెలలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టడం, ఆరాధన కాగానే వాటిని వేలం వేసి ఆ డబ్బు దేవుని పనికి వాడటం మీకు తెలిసిందే. నేను తెల్లచేపను గాజుసీసాలో తీసుకెళ్లాను, కానీ నా లెక్క నాకుంది: కూరకు పనికిరాని చేపను ఎవరు పాడతారు, నాలుగు రూకలకు నేనే పాడుకుంటే మొక్కు తీరుతుంది, చేప తిరిగి నా వరలోకే వస్తుంది!

సంఘపెద్దగారు సీసా ఎత్తి, ఇది వండుకునేది కాదు, చూసుకునేది, పాడండి అన్నారు. నేను చిన్న మొత్తం పాడాను. ఆడవాళ్ల వైపు నుంచి, కొబ్బరిపీచు తాళ్లు పేనుకుని బతికే రూతమ్మ మామ్మగారు పై పాట పాడింది. నేను పెంచాను, ఆవిడ పెంచింది. ఎదుటివాళ్లు ఒక మాట అంటే పైమాట అనకుండా ఉండటం మా రక్తంలో లేదు, జనం నవ్వుతున్నారు, నేను పాడుతూనే ఉన్నాను, మూడోసారి అని చప్పట్లు కొట్టేసరికి నా చేపను కాకినాడ ఆయన ఏనాడూ ఇవ్వనంత ధరకు నేనే కొనుక్కున్నాను!

మామ్మగారు దగ్గరికి వచ్చి సీసాలోకి చూసింది.

"పోన్లే బాబూ. మా ఆయనకి చూపిద్దామనుకున్నాను. పక్షవాతం వచ్చేక మాట పోయింది కదా, గోడకేసి చూస్తా పడుంటన్నాడు."

నా నోరు తెరుచుకుంది, మూసుకుంది. ఆ గోడ నాకు తెలుసు. సీసా ఆవిడ చేతిలో పెట్టబోయాను.

"ఊరికే పుచ్చుకోను. నేను పాడినంతా ఇస్తాను."

"అంత కుదరదండి మామ్మగారూ. సగం ఇవ్వండి."

"సగమైతే నాకొద్దు."

"ఆయ్, అయితే ముప్పాతిక. పైన గాజుతొట్టీ గాలిమోటారూ నావి, శనివారం శనివారం వచ్చి నీళ్లు మారుస్తాను."

"నీళ్లు కూడా మారిస్తే మొత్తం పుచ్చుకోవాల్సిందే బాబూ."

కొనేవాళ్లు పెంచుతూ, అమ్మేవాడు దించుతూ సాగిన బేరం మా కొట్టు పుట్టాక అదే మొదటిది, అందులో నేను ఓడిపోయాను కూడా. ఆవిడిచ్చిన డబ్బు అక్కడే కానుకపెట్టెలో వేసేశాను. ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చుంటే, ఎన్నాళ్లకో, వరలో చేపలు చేపల్లా కనబడ్డాయి.

చేపలు అమ్మడం మానేశానని అబద్ధం చెప్పను, ఇప్పటికీ అమ్ముతున్నాను, కాకపోతే పలచగా పెంచుతున్నాను, ఒక వర మాత్రం ఊరికే చూసుకోవడానికి ఉంచాను. సరదా ఎక్కడ ఆగుతుందో, వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను, ఆయన ఇంకా చెప్పలేదు.

కానీ మొన్న శనివారం నీళ్లు మార్చి తెల్లచేపను తిరిగి వదులుతుంటే, మంచం మీది తాతగారు దాన్ని చూసి నోరు తెరిచారు, మూశారు, తెరిచారు, ఈసారి లోపలినుంచి ఒక శబ్దం వచ్చింది! చేపను పిలిచారో, నీళ్లు ఒలికించానని నన్ను తిట్టారో, స్తోత్రమే చెప్పారో నాకు తెలియదు. గుమ్మంలో తాడు పేనుతున్న మామ్మగారి చేతులు మాత్రం ఆగిపోయాయి. నేను తడిచేతులతోనే మోకరించాను, ఏమీ అడగలేదు, బదులుగా ఏమీ ఇస్తాననలేదు, బేరం లేని ప్రార్థన నా జన్మకు అదే మొదటిది. సహోదరులారా, మీకూ లెక్క తేలకపోతే తేలకపోనివ్వండి, తేలేదాకా ఆగకుండా ఆయన దగ్గరికి రండి, నాలాంటి గీచి గీచి బేరమాడేవాణ్ణే ఆయన తోసెయ్యలేదు. దేవునికే మహిమ.